వైద్య గంజాయి మందుతో ప్రయాణం: మా కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో గడియారం సెంటర్‌కు దగ్గర్లో నాకు చిన్న మెడికల్ షాపు ఉంది. ఇరవై ఏళ్లుగా బీపీ, షుగర్, థైరాయిడ్ చీటీలే ఎక్కువగా చూశాను. నాలుగైదేళ్ల నుంచి మాత్రం కొత్త రకం ప్రశ్నలు వస్తున్నాయి. పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో జర్మనీలోనో ఉంటారు. వాళ్లలో కొందరికి అక్కడి డాక్టర్లు గంజాయి మొక్క నుంచి తీసిన మందు రాస్తున్నారు. పెళ్లికో పండక్కో ఊరికి రావాలి. టికెట్ బుక్ అయ్యాక ఇంట్లోవాళ్లు నా దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "గదే, ఆ మందు తెచ్చుకోవచ్చా?" అని అడుగుతారు. ఆ పేరు పైకి అనరు.

నేను వకీలును కాను, డాక్టర్‌ను కాను. మా అక్క కొడుకుకు ఎంఎస్ జబ్బు, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్, ఉండటం వల్ల ఈ సంగతులన్నీ తెలుసుకోవాల్సి వచ్చింది. వాడు టొరంటోలో ఉంటాడు. చెల్లెలి పెళ్లికి వస్తూ ఫోన్ చేసి అడిగితే, "డాక్టర్ రాసిచ్చాడుగా, చీటీ పెట్టుకుని తెచ్చుకో" అని ఠకీమని చెప్పేశాను. ఆ రాత్రి నిద్ర పట్టక చట్టం చదివాను. తెల్లారి ఐదింటికే ఫోన్ చేసి వద్దన్నాను. అప్పటి నుంచి అడిగినవాళ్లందరికీ చెబుతున్నవే ఇక్కడ రాస్తున్నాను.

విదేశంలో డాక్టర్ రాసిచ్చిన చీటీ ఉంది. శంషాబాద్‌లో దిగేటప్పుడు ఆ మందు తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోకూడదు. నూనె, స్ప్రే, గమ్మీ, క్యాప్సూల్, ఎండు పువ్వు, ఏ రూపంలో ఉన్నా కూడదు. చీటీ అసలుదైనా, సీసా మీద మీ పేరు అచ్చయి ఉన్నా అంతే.

మన దగ్గర దీన్ని చూసే చట్టం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం. అది మీ జబ్బును చూడదు, మీ సంచిలో ఉన్న వస్తువును చూస్తుంది. గంజాయి మొక్క పూత, దాని జిగురు, వాటితో కలిపి చేసిన ఏ మిశ్రమమైనా అందులోకి వస్తాయి. వాటిని దేశంలోకి తేవడం 23వ సెక్షన్ కింద నేరం. కెనడా డాక్టర్ సంతకం కెనడా చట్టం నడిచేంత మేరకే పని చేస్తుంది. హైదరాబాద్‌లో విమానం తలుపు తెరిచాక ఆ చీటీ మీ జబ్బుకు రుజువు అవుతుందే గానీ మందుకు అనుమతి కాదు.

చట్టంలోనే "వైద్య అవసరాలకు తప్ప" అని ఉందట కదా?

ఉంది, 8వ సెక్షన్‌లో. దీన్ని పట్టుకుని వాదించేవాళ్లు నాకు నెలకొకరు తగులుతారు. మొన్న ఒకాయన ఫోన్‌లో ఆ వాక్యం తెరిచి కౌంటర్ మీద నా ముందుకు జరిపాడు. నేను కింది వరకు జరిపి మిగతా ముక్క చదివించాను. వైద్య, శాస్త్రీయ అవసరాలకు వెసులుబాటు ఉన్నది చట్టం, దాని కింది నిబంధనలు చెప్పిన పద్ధతిలో, చెప్పినంత మేరకు మాత్రమే. లైసెన్స్, పర్మిట్, అధికార పత్రం కావాలన్న చోట అవి ఉండాలి. ఆ పద్ధతి కంపెనీలకు, పరిశోధన సంస్థలకు, లైసెన్స్ ఉన్న తయారీదారులకు సరిపోయేలా ఉంది. సూట్‌కేసుతో దిగే రోగికి కౌంటర్ దగ్గర ముద్ర వేసి పంపించే ఏర్పాటు అందులో లేదు.

ఇంకొకటి కూడా చెబుతారు. 2020 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకరమైన జాబితా నుంచి తీసేసింది, భారత్ కూడా అందుకు అనుకూలంగానే ఓటేసింది అని. నిజమే. 27 దేశాలు అటు, 25 ఇటు. కానీ ఆ ఓటుతో మన ఎన్‌డీపీఎస్ చట్టంలో ఒక్క అక్షరం మారలేదు.

సీబీడీ నూనెలో మత్తు ఉండదు కదా? అది కూడా గంజాయేనా?

ఈ మొక్కలో ఎక్కువగా వినిపించే పదార్థాలు రెండు. టీహెచ్‌సీ మత్తునిస్తుంది. సీబీడీ మత్తునివ్వదు. అమెరికాలో 2018 వ్యవసాయ చట్టం టీహెచ్‌సీ 0.3 శాతం మించని మొక్కను హెంప్ అని విడదీసింది. అందుకే అక్కడ పెట్రోల్ బంకులో కూడా సీబీడీ సీసాలు కనిపిస్తాయి. మన చట్టంలో ఆ 0.3 శాతం గీత లేదు. దేన్నుంచి తీశారన్నదే ప్రశ్న. పూత నుంచి తీసిందైతే మత్తు ఉన్నా లేకున్నా గంజాయి కిందికే వస్తుంది. పైగా "ఫుల్ స్పెక్ట్రమ్" (మొక్కలోని పదార్థాలన్నీ ఉన్నది) అని రాసి ఉన్న సీసాల్లో కాస్తో కూస్తో టీహెచ్‌సీ ఉంటుంది. కస్టమ్స్‌వాళ్లు చేసే రంగు పరీక్షకు మీ నూనె మంచిదని తెలియదు. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా మీరు ఎక్కడుంటారన్నది ఆలోచించుకోండి.

మా అమ్మ అమెరికా నుంచి మోకాళ్ల నొప్పులకు గమ్మీలు తెచ్చింది. అవి పర్లేదా?

నా దగ్గరికి వచ్చిన వాటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే.

ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేని వేళ, మాకు బాగా తెలిసిన ఒక పెద్దమ్మ వచ్చింది. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి వారం కిందటే దిగింది. చేతిసంచిలోంచి ఓ ప్లాస్టిక్ డబ్బా తీసి గాజు కౌంటర్ మీద పెట్టింది. లోపల ఎర్రవి, పచ్చవి, పంచదార అద్దిన జెల్లీ బిళ్లలు. "కోడలు ఇచ్చింది బిడ్డా. రాత్రికొకటి తింటే మోకాలు గుంజుడు తగ్గుతుంది. ఇసొంటియి మన తాన దొరుకుతయా?" అంది. డబ్బా తిప్పి చూస్తే మూలన చిన్న ఆకు బొమ్మ, ఏడు రెమ్మలది. కింద ఒక్కో బిళ్లలో 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ అని ఉంది. ఆమెకు ఇంగ్లిష్ రాదు. విమానాశ్రయంలో ఆ డబ్బాను ఆవకాయ సీసా తెచ్చినంత ధీమాగా తెచ్చింది. మనవరాలి కోసం విడిగా తెచ్చిన చాక్లెట్లు కూడా అదే సంచిలో ఉన్నాయి. నాకు చెమటలు పట్టాయి.

కాబట్టి తల్లిదండ్రులను సాగనంపే పిల్లలు తమ చేతులతో వాళ్ల సంచి ఒకసారి సర్దాలి. నొప్పి తైలం, నిద్ర గమ్మీ, పెయిన్ క్రీమ్, ప్రతిదాని వెనక లేబుల్ చదవండి. కన్నాబిస్, హెంప్, సీబీడీ, టీహెచ్‌సీ, ఈ నాలుగు మాటల్లో ఏది కనిపించినా అక్కడే వదిలేయండి.

ఎంత దొరికితే ఎంత శిక్ష?

గంజాయి విషయంలో ఒక కిలో వరకు తక్కువ పరిమాణం, 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. చరస్‌కు, అంటే ఆ మొక్క జిగురుకు, అవే 100 గ్రాములు, ఒక కిలో. తక్కువ పరిమాణానికి ఏడాది వరకు కఠిన జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. మధ్యలో ఉంటే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. వాణిజ్య పరిమాణమైతే పదేళ్లకు తగ్గదు.

"నా సీసాలో అసలు మందు ఒక గ్రామే" అన్న వాదన నిలవదు. మిశ్రమం ఉంటే దాని మొత్తం బరువునే లెక్కలోకి తీసుకోవాలని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే గమ్మీలోని పంచదార, జెలటిన్ బరువు కూడా మీ ఖాతాలోనే పడుతుంది. 300 గ్రాముల డబ్బాను చరస్ లెక్కన తూచారంటే మీరు మొదటి మెట్టు దాటేసినట్టే.

అమెరికా, కెనడా పౌరసత్వం ఉన్నా ఇదే చట్టం. కాన్సులేట్‌వాళ్లు వచ్చి పలకరిస్తారు, విడిపించుకుపోలేరు.

దుబాయ్, దోహా మీదుగా వస్తున్నాం. విమానాశ్రయం దాటి బయటికి పోం కదా?

మన హైదరాబాద్ టికెట్లలో సగం అటు మీదుగానే ఉంటాయి కాబట్టి ఈ ప్రశ్న పెద్దదే. గల్ఫ్ దేశాల్లో సీబీడీకి కూడా మినహాయింపు లేదు. ట్రాన్సిట్ అంటే ఆ దేశపు నేల మీద ఉన్నట్టే. ఫ్లయిట్ ఆలస్యమై హోటల్‌కు పంపితే బ్యాగులు మీ చేతికొస్తాయి, మీరు ఇమిగ్రేషన్ దాటుతారు. అప్పుడు ఏం చేస్తారు? యూఏఈ 2021లో చట్టాన్ని కాస్త సడలించి, టీహెచ్‌సీ కలిసిన తినుబండారాలతో మొదటిసారి దొరికిన ప్రయాణికుల విషయంలో కఠినత్వం తగ్గించిందనే మాట నిజమే. తగ్గించింది శిక్షను. అనుమతి ఏమీ ఇవ్వలేదు.

మాటల్లో మాట. యూఏఈలో గసగసాలు కూడా నిషేధమే. మటన్ మసాలాకని అమ్మ కట్టిచ్చిన పొట్లంలో అవి ఉంటే, మీ బ్యాగులో గంజాయి లేకపోయినా చిక్కే. ఇది చెబితే చాలామంది నవ్వుతారు.

సింగపూర్ మీదుగా వచ్చేవాళ్లకు ఒక్క మాట: అక్కడ 500 గ్రాములు మించిన గంజాయి రవాణాకు ఉరిశిక్ష ఉంది.

అసలు బయల్దేరే దేశం తీసుకెళ్లనిస్తుందా?

కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి గంజాయి చట్టబద్ధం. కానీ సరిహద్దు దాటించడం, లోపలికైనా బయటికైనా, మందు చీటీ ఉన్నా సరే, నేరమే. మా మేనల్లుడికి అక్కడి ఫార్మసీలోనే ఈ మాట చెప్పారట. నేనే తెచ్చుకోమన్నాను! బ్రిటన్‌లో 2018 నవంబర్ నుంచి స్పెషలిస్ట్ డాక్టర్లు రాస్తున్నారు. మూడు నెలలకు మించిన సరుకైతే దేశం దాటడానికి అక్కడి హోం శాఖ లైసెన్స్ కావాలి, తక్కువైతే డాక్టర్ లేఖ చాలు. ఆ లేఖ మీరు దిగే దేశం కూడా ఒప్పుకున్నప్పుడే పనికొస్తుంది. యూరప్‌లో ఒకే వీసాతో తిరిగే షెంగెన్ దేశాల మధ్య మందుతో పోవడానికి 30 రోజుల సర్టిఫికెట్ ఒకటి ఉంది. జర్మనీ నుంచి ఫ్రాన్స్‌కు పోవడానికి అది బాగుంటుంది, జర్మనీ నుంచి జడ్చర్లకు రావడానికి కాదు.

థాయ్‌లాండ్ సంగతి వేరే. అక్కడ 2022లో ఆంక్షలు ఎత్తేశాక దుకాణాలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. బ్యాంకాక్ విమానాల్లో వచ్చే హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా నీళ్లలో పెంచిన) గంజాయిని శంషాబాద్‌లో తరచూ పట్టుకుంటున్నారు. కాబట్టి ఆ విమానం దిగినవాళ్ల మీద కన్ను ఎక్కువే ఉంటుంది. బ్యాంకాక్ క్లినిక్ చీటీ చూపిస్తే వాళ్లకు జాలి కలుగుతుందనుకోవద్దు.

అమెరికాలో మెడికల్ కార్డు ఉంది. నాది హెచ్1బీ ఉద్యోగ వీసా. దానితో ఏమైనా ఇబ్బందా?

ఇబ్బందే, ఇండియా ఊసు లేకుండానే. రాష్ట్రం ఇచ్చిన కార్డు రాష్ట్రం వరకే. విమానాశ్రయం, సరిహద్దు, వీసా, గ్రీన్ కార్డు, ఇవన్నీ ఫెడరల్ చట్టం చేతిలో ఉంటాయి. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయి వాడకం పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తన షరతుకు అడ్డు రావచ్చని 2019లో అమెరికా ఇమిగ్రేషన్ శాఖ స్పష్టంగానే రాసింది. పౌరులు కానివాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు సరిహద్దు అధికారి ముందు వాడకం గురించి ఒప్పుకుంటే ప్రవేశానికే ఎసరు రావచ్చు. కార్డు తీసుకోకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. మన పిల్లలు డాక్టర్‌ను అడుగుతారు, ఫ్రెండ్‌ను అడుగుతారు, లాయర్‌ను మాత్రం చివర్లో అడుగుతారు.

మరి మందు లేకుండా నెల రోజులు ఎలా గడపాలి?

అసలు అడగాల్సింది ఇదే. తేవొచ్చా తేకూడదా అన్నది ఒక్క మాటలో తేలిపోతుంది. కష్టమంతా ఇక్కడ ఉంది.

ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు మీ డాక్టర్‌తో "ఇండియాలో ఇది దొరకదు, తీసుకెళ్లలేను" అని చెప్పండి. రోజూ వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టదు, చిరాకు, ఆకలి మందగించడం, చెమటలు. మొదటి వారం గట్టిగా ఉండి, రెండు వారాలకు చాలావరకు సర్దుకుంటుంది. ఈ రెండు వారాలు మీ ఇంట్లో, మీ మంచం మీద గడిచిపోవాలి. మంగళస్నానాల రోజు కాదు. ప్రత్యామ్నాయ మందు కూడా అక్కడే మొదలుపెట్టి, పడుతుందో లేదో చూసుకుని రావాలి.

కండరాల బిగుతుకు బాక్లోఫెన్, టిజానిడిన్, నరాల నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్, ఇవన్నీ నల్లగొండ, మహబూబ్‌నగర్‌లో దొరుకుతాయి. బ్రాండ్ పేర్లు వేరుగా ఉంటాయి, కాబట్టి చీటీ మీద మందు అసలు పేరు రాయించుకోండి. బాక్లోఫెన్ మొదలుపెడితే దాన్ని కూడా ఠక్కున ఆపకూడదు. మూర్ఛలు రావచ్చు, లేనివి కనిపించవచ్చు. మేం షాపులో మొదటి స్ట్రిప్పు ఇచ్చేటప్పుడే ఈ మాట చెబుతాం. క్యాన్సర్ నొప్పి అయితే దారి వేరు. ఎన్‌డీపీఎస్ చట్టానికి 2014లో చేసిన సవరణ తర్వాత మార్ఫిన్ మాత్రలు దొరకడం సులువైంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం, అంటే నొప్పి నుంచి ఉపశమనం ఇచ్చే విభాగం, ఉంది.

మా వాడి సంగతి చెబుతాను. పెళ్లి మే నెలలో, దేవరకొండలో. ఎంఎస్ ఉన్నవాళ్లకు ఒంట్లో వేడి పెరిగితే లక్షణాలన్నీ ముదురుతాయి. ఇది డాక్టర్లకు తెలిసిందే. ముహూర్తం పెట్టిన పంతులుకు మాత్రం ఎవరూ చెప్పలేదు. పెళ్లికి ముందు రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. వాడు ఆరుబయట మంచం మీద పడుకున్నాడు. ఉన్నట్టుండి కుడికాలు బిగుసుకుపోయింది. పిక్క పట్టుకుంటే చేతికి రాయి తగిలినట్టే ఉంది. అక్క భయపడి నూనె వేడిచేసుకొస్తానంది. వద్దన్నాను. కుండలో నీళ్లతో తువ్వాలు తడిపి మెడ చుట్టూ వేసి, మోకాలు మెల్లగా మడిచి, పాదం పైకి నొక్కిపెట్టి కూర్చున్నాను. వదలడానికి ఇరవై నిమిషాలు పట్టింది. "అక్కడైతే ఆ స్ప్రే కొట్టుకొని పండుకునేటోణ్ణి మామా" అన్నాడు. నాకేం చెప్పాలో తెలియలేదు. తెల్లారి వాళ్ల డాక్టర్‌కు ఫోన్ చేస్తే రాత్రి బాక్లోఫెన్ మోతాదు కాస్త పెంచమన్నారు. అప్పగింతల దాకా కూలర్ ముందు కుర్చీలో కూర్చోబెట్టాం. చుట్టాలు "పిల్లగానికి గర్వం, లేచి నిలబడడు" అనుకున్నారట. అనుకోనీ.

ఈ జబ్బుతో వచ్చేవాళ్లకు వీలుంటే మాఘమాసం ప్రయాణం పెట్టించండి. ఎండాకాలం తప్పదంటే ఇన్వర్టర్ ఉన్న ఇల్లు చూడండి.

మా పాపకు మూర్ఛ జబ్బు. సీబీడీ మందు ఆపితే ఫిట్స్ వస్తాయని డాక్టర్ అంటున్నారు. అప్పుడు?

ఇది పై వాటిలాంటిది కాదు. ఎపిడియోలెక్స్ అనే శుద్ధమైన సీబీడీ సిరప్‌ను లెనాక్స్-గాస్టాట్, డ్రావెట్ అనే తీవ్రమైన మూర్ఛ రకాలకు 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. దాన్ని హఠాత్తుగా ఆపితే నిజంగానే ఫిట్స్ పెరగొచ్చు. ఇలాంటి బిడ్డతో వచ్చేవాళ్లు అదృష్టం మీద ఆధారపడకండి. మన దగ్గర అమ్మకానికి అనుమతి లేని మందును సొంత వాడకానికి తెప్పించుకోవడానికి 12ఏ ఫారంలో దరఖాస్తు చేసుకుంటే, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 12బీ అనుమతి ఇచ్చే పద్ధతి ఉంది. మాదకద్రవ్యాల చట్టం వైపు నుంచి గ్వాలియర్‌లోని సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్‌ను కూడా రాతపూర్వకంగా అడగాలి. రెండు వైపులా కాగితం చేతికొచ్చాకే టికెట్ కొనండి. రాకపోతే అమ్మమ్మ, తాతలే అటు వెళ్లడం మేలు. ఈ మాట చెప్పడం తేలిక కాదని నాకు తెలుసు.

క్లోబజామ్, వాల్‌ప్రోయేట్ వాడే పిల్లలకు సీబీడీతో కలిస్తే మగత, లివర్ ఎంజైముల సమస్య రావచ్చు. ఇక్కడ ఏ డాక్టర్‌కు చూపించినా సీబీడీ వాడుతున్న సంగతి దాచకండి.

ఇక్కడే ఆయుర్వేదంలో దొరుకుతుందట కదా?

ఆయుర్వేదంలో ఈ మొక్క పేరు విజయ. ఎన్‌డీపీఎస్ చట్టం పూతను, జిగురును పట్టుకుంటుంది, పూత లేని ఆకును, గింజను వదిలేస్తుంది. ఆ సందులోంచే లైసెన్స్ ఉన్న కంపెనీలు ఆకుతో మందులు చేస్తున్నాయి. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నియమాల ఇ-1 షెడ్యూల్‌లో ఇది విష ద్రవ్యాల జాబితాలో ఉంది, అంటే వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి. ఆయుష్ డాక్టర్ చీటీ, బిల్లు, లైసెన్స్ నంబరు ఉన్న సీసా, మూడూ ఒకేచోట ఉంచుకోండి. విదేశంలో మీరు వాడిన మందుకు ఇది సరిసమానం అనుకోవద్దు. మోతాదు వేరు, అందులో ఉన్నదీ వేరు. ఇక్కడ కొన్నది వెనక్కి పట్టుకెళ్లడం కూడా కుదరదు.

హెంప్ గింజలు, గింజల నూనె వేరే. వాటిని 2021లో మన ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహారంగా ఒప్పుకుంది. నొప్పికి మాత్రం పని చేయవు.

కాశీ యాత్రలో ప్రభుత్వ దుకాణంలోనే భంగు అమ్ముతున్నారు. నాన్న నడుము నొప్పికి తెచ్చుకోవచ్చా?

అక్కడ అమ్మేది అక్కడి ఎక్సైజ్ లైసెన్స్‌తో. మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం మత్తు పదార్థాల్లో భంగు ఆకును కూడా చేర్చింది. కాశీ నుంచి గంగాజలం తెండి, చాలు.

రోడ్డు మీద, రైల్లో చెకింగ్ ఎలా ఉంటుంది?

మన జిల్లా ఉన్న చోటే అలాంటిది. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు నుంచి హైదరాబాద్‌కు, అటునుంచి మహారాష్ట్రకు పోయే సరుకుకు విజయవాడ హైవే రాజమార్గం. అందుకే కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్ల దగ్గర కార్లు ఆపుతారు. విశాఖ వైపు నుంచి మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా పోయే రైళ్లలో రైల్వే పోలీసులు కుక్కలతో ఎక్కుతారు. పాలమూరు వైపు 44వ నంబరు రహదారి మీదా తనిఖీలు తప్పవు. వాళ్లు వెతికేది మూటల కోసమే అయినా మీ చిన్న సీసా కనిపిస్తే వదలరు.

ఒంటి మీద సోదా చేయాలంటే గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట చేయమని అడిగే హక్కు 50వ సెక్షన్ కింద మీకు ఉంది. గొడవ పడకుండా అడగొచ్చు.

గంజాయి మందు బదులు నిద్ర మాత్రలు ఇవ్వరాదా?

చీటీ లేకుండా ఇవ్వను. ఆల్ప్రాజోలం, డయాజిపామ్ కూడా ఎన్‌డీపీఎస్ కిందికి వచ్చే మందులే. పాలమూరు, నల్లగొండ కల్తీ కల్లు సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అందులో కలిపేది ఈ ఆల్ప్రాజోలమే. కల్లు దుకాణం నాలుగు రోజులు మూసేస్తే చేతులు వణుకుతూ, పిచ్చిచూపులతో ఆస్పత్రికి వచ్చినవాళ్లను చూశాను. ఒక అలవాటును ఇంకో అలవాటుతో పూడ్చే పని నా కౌంటర్ మీద జరగదు.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్ నొప్పులకు ఈ నూనె పనికొస్తుందా?

ఫ్లోరోసిస్‌లో ఎముకలు గట్టిపడి, కీళ్లు, వెన్ను బిగిసిపోతాయి. ఒక నూనె దాన్ని వెనక్కి తిప్పదు. నొప్పికి కూడా దీన్ని నమ్ముకునే పరిస్థితి ఇక్కడ లేదు. ఇంటర్నెట్‌లో "హిమాలయ హెంప్ ఆయిల్" అని వేలు పోసి కొనుక్కొచ్చిన సీసాలు చూపిస్తుంటారు. చాలావాటిలో ఉండేది గింజల నూనె. ఆ డబ్బుతో ఫిజియోథెరపీకి పోండి, బీబీనగర్ ఎయిమ్స్‌లో చూపించుకోండి.

విమానం దిగాక బ్యాగులో ఉందని గుర్తొచ్చింది. ఇప్పుడేం చేయాలి?

కస్టమ్స్‌కు చెప్పాల్సిందేమీ లేనివాళ్లు పోయే గ్రీన్ చానెల్‌లోంచి మాత్రం నడిచిపోవద్దు. బాత్రూంలో పారబోసే తెలివీ వద్దు, కెమెరాలు ఉంటాయి. చెప్పాల్సింది ఉన్నవాళ్ల కోసం పెట్టిన రెడ్ చానెల్‌కు వెళ్లి మీ అంతట మీరే చెప్పండి, చీటీ, డాక్టర్ లేఖ చూపించండి. దానితో నేరం మాసిపోతుందని చెప్పను. దాచి దొరికిన మనిషికి, చెప్పి అప్పగించిన మనిషికి తేడా ఉంటుందనే చెబుతాను. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, వకీలును పిలిపించుకోండి. అధికారుల ముందు 67వ సెక్షన్ కింద ఇచ్చిన వాంగ్మూలాన్ని నేరం ఒప్పుకున్నట్టుగా వాడకూడదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

బయల్దేరే చోటే గుర్తొస్తే మరీ మంచిది. లాస్ వేగస్, చికాగో విమానాశ్రయాల్లో ఇలాంటివి పడేయడానికే పెట్టెలు పెట్టారు.

కొరియర్‌లో పంపిస్తే?

అదీ దిగుమతే. పార్సిల్ మీద మీ ఇంటి అడ్రసు, మీ ఫోన్ నంబరు ఉంటాయి. వెతుక్కుంటూ రావడం ఇంకా తేలిక.

అయితే ఏం వెంట పెట్టుకుని రావాలి?

కాగితాలు. జబ్బు పేరు, ఎప్పటి నుంచి ఉంది, ఏ మందు ఎంత మోతాదులో వాడేవారు, ఎప్పుడు ఆపారు, బదులు ఏం మొదలుపెట్టారు, ఇవన్నీ డాక్టర్ లెటర్‌హెడ్ మీద ఒక పేజీలో. ప్రత్యామ్నాయ మందులు అసలు డబ్బాల్లోనే, హ్యాండ్ బ్యాగులో. అక్కడి డాక్టర్‌తో వీడియోలో మాట్లాడటానికి ఒక టైము ముందే ఖాయం చేసుకోండి, మన పగలు వాళ్లకు రాత్రి. పాత బ్యాగు తెస్తుంటే జేబులన్నీ తిరగేసి దులపండి, అడుగున పడిన ఖాళీ సీసా కూడా లేకుండా. ఊళ్లో ఒక మెడికల్ షాపుకు ముందే ఫోన్ చేసి, మీ మందు స్టాకులో ఉందో లేదో కనుక్కోండి. బాక్లోఫెన్ లాంటివి మేం ఎక్కువ తెప్పించం, చెబితే హైదరాబాద్ నుంచి రెండు రోజుల్లో వస్తాయి.

మా వాడు ఈసారి మాఘమాసంలో వస్తాడట. స్ప్రే టొరంటోలో ఫ్రెండ్ ఇంట్లో పెట్టి వస్తున్నాడు. మూడు స్ట్రిప్పులు పక్కన పెట్టమని నిన్ననే మెసేజ్ పెట్టాడు.